1958 నాటి ఇల్లు, బేస్‌మెంట్ గోడ ఊరుతోంది. 14 వేల డాలర్లు పెట్టాలా?

ఎడిసన్_గోదారోడు:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర 2022లో ఒక పాత ఇల్లు కొన్నాం. 1958లో కట్టింది. పునాది గోడలు పోత కాంక్రీటు కాదు, మధ్యలో బోలుగా ఉండే సిమెంటు బ్లాకులు పేర్చి కట్టినవి. కొనేటప్పుడు బేస్‌మెంట్‌లో గోడలకి చెక్క ప్యానెల్ కొట్టి ఉంది, మూలన గాలిలో తేమ లాగే మెషీను, డీహ్యూమిడిఫయర్, గుర్రుగుర్రుమంటోంది. ఆ రెండూ చూసి కూడా నాకు అనుమానం రాలేదంటే తప్పు నాదే.

కొన్న మొదటి వసంతంలోనే తెలిసింది. గట్టి వాన పడితే వెనక వైపు మూలలో కింది రెండు వరసల బ్లాకులు నల్లగా తడుస్తాయి, ఇంకాసేపటికి గోడా నేలా కలిసేచోట సన్నగా నీళ్లు బయటికొచ్చి నేల మీద పాకుతాయి. ప్యానెల్ పీకేశాను. వెనకాల గోడంతా తెల్లగా ఉప్పు పట్టి, పాత పెయింటు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది, చేత్తో తుడిస్తే పిండిలా రాలుతోంది. గోదారి వరదలు చూసి పెరిగినవాణ్ణి, నీళ్లంటే భయం లేదనుకునేవాణ్ణి. మొన్న నేల మీద పెట్టిన 20 పౌండ్ల సోనా మసూరి బస్తా ఎత్తబోతే అడుగు తడిసి చినిగి బియ్యమంతా జారిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే టెన్షన్.

నిరుడు నేనే ఒక ప్రయత్నం చేశాను. వీడియోలు చూసి, కారే చోట ఉలితో చెక్కి, తడిలోనే త్వరగా గట్టిపడే హైడ్రాలిక్ సిమెంటు కూరి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు వేశాను. ఆ చోట ఆగింది, నిజమే. తర్వాత వానకి రెండడుగులు పక్కన మొదలైంది.

ఈసారి ముగ్గుర్ని పిలిచాను. మొదటివాళ్లు లోపలే చుట్టూ నేల పగలగొట్టి కాలువ తీసి, పైపు వేసి, నీళ్లు చేరే గొయ్యిలో వాటిని బయటికి తోడే సంప్ పంపు పెడతామన్నారు. 110 అడుగులకి 14,200 డాలర్లు, ఈ రోజే సంతకం పెడితే పది శాతం తగ్గింపు అట. వచ్చినాయన రెండు గంటలు కూర్చున్నాడు, అందులో గోడ చూసింది పది నిమిషాలు. రెండోవాళ్లు బయట నుంచి పునాది అడుగుదాకా తవ్వి గోడకి నీళ్లు దిగని పొర వేయాలి, 30 వేలు దాటుతుంది అన్నారు. మూడో ఆయన మంచి పెయింటు వేస్తే సరిపోతుంది, 1,800 ఇవ్వు అన్నాడు. ఒకే గోడకి మూడు జబ్బులు, మూడు మందులు.

మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఆయన నాలుగో మందు చెప్పారు: "ఒరేయ్, రెండు బస్తాల సిమెంట్లో వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపి గట్టిగా గిలాబు చేయించు, పీడా పోతుంది." ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇలాంటి ఇళ్లు ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఒహాయో_పాతకాపు:

సంతకం పెట్టకండి. ఇంకో నెల ఎవరికీ పెట్టకండి. ఈ రోజే పెడితే తగ్గింపు అనేవాడికి అసలు పెట్టకండి.

కొలంబస్‌లో మాదీ 1961 నాటి బ్లాకు గోడే, మీ కథ మొత్తం నాకు జరిగింది. ముందు ఆ గోడ ఎలా పని చేస్తుందో అర్థం చేసుకుంటే మిగతాది తేలిక. బ్లాకు లోపల బోలు. బయట మట్టి నానితే నీళ్లు బ్లాకుల మధ్య సున్నితమైన అతుకుల్లోంచి లోపలి బోలులోకి దిగి, గొట్టంలో నిలిచినట్టు నిలుస్తాయి. అక్కణ్ణుంచి ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికొస్తాయి. మీకు కారే చోటు నీళ్లు గోడలోకి దూరిన చోటు కానక్కర్లేదు, అది పదడుగుల అవతల కూడా ఉండొచ్చు. అందుకే మీరు సిమెంటు కూరితే రెండడుగులు జరిగింది. మీ పనిలో లోపం లేదు, కుండకి ఒక చిల్లు మూస్తే ఇంకో చిల్లులోంచి కారింది, అంతే. ఆ పెయింటు కూడా రెండేళ్లలో వెనక ఉప్పు పేరుకుని బుడగలు లేస్తుంది చూడండి.

కాబట్టి లోపల చూడటం ఆపి బయట చూడండి. ఈసారి వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. తమాషాకి అనట్లేదు, నేను వేల డాలర్లు మిగుల్చుకున్నది ఆ ప్రదక్షిణ వల్లే. చూరు గట్టర్లు పొంగి గోడ పక్కనే పడుతున్నాయా, గట్టర్ల నుంచి దిగే గొట్టాలు ఎక్కడ వదులుతున్నాయి, గోడ పక్కన మట్టి ఇంటి వైపు వాలి ఉందా, బేస్‌మెంట్ కిటికీ గుంటల్లో నీళ్లు నిలుస్తున్నాయా, ఇవి చూడండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్ల నీళ్లు. అదంతా నాలుగు గొట్టాల్లోంచి నాలుగు మూలల్లో దిగుతుంది. ఒక గొట్టం గోడ పక్కన వదిలినా 150 గ్యాలన్లు మీ బ్లాకుల పక్కన పోసినట్టే.

ఇక్కడి రూలు ప్రకారం గోడ దగ్గర్నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు దిగాలి. కొత్తగా కట్టినప్పుడు ఉంటుంది. పునాది పక్కన నింపిన మట్టి కాలక్రమంలో కుంగి, అరవై ఏళ్లకి సరిగ్గా తిరగబడుతుంది. దాని మీద ప్రతి ఏడూ చెక్కపొట్టు వేసి పూలమొక్కలు పెడితే పైకి వాలు ఉన్నట్టే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం పొట్టులోంచి దిగి కింద ఇంటి వైపే పోతాయి.

ఇంకో చిన్న పరీక్ష. తడి లేని రోజున గోడకి రెండడుగుల అల్యూమినియం ఫాయిల్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి అంటించండి, రెండు రోజులాగి చూడండి. చెమ్మ గది వైపు పడితే గాలిలో తేమ, గోడ వైపు పడితే బయటి నీళ్లు. రెండూ ఉంటే రెండూ.

ఎడిసన్_గోదారోడు:

చాలా థాంక్సండీ. గట్టర్లు శరదృతువులో ఒకసారి శుభ్రం చేయించాం. మూడు గొట్టాలకి కింద ప్లాస్టిక్ పొడిగింపులు ఉన్నాయి. నాలుగోది, అంటే సరిగ్గా ఆ తడిసే మూలలోది, నేరుగా భూమిలోకి దిగే పైపులోకి వెళ్తుంది. పాత ఓనరు పెట్టించిందే, నీట్‌గానే ఉంది కదా అనుకున్నాను. అది ఎక్కడ బయటికొస్తుందో మాత్రం ఇన్నేళ్లలో చూడలేదు. ఇప్పుడు మీరడిగాక పెరడంతా తిరిగాను, ఎక్కడా కనబడలేదు.

పిట్స్‌బర్గ్_పిన్ని:

ఎక్కడా కనబడకపోతే అది ఎక్కడికీ పోవట్లేదని అర్థం తమ్ముడూ.

మాది 1912 ఇల్లు, రాతి పునాది. ఇక్కడ కొండలూ బంకమట్టీ రెండూ ఉన్నాయి, కాబట్టి నీళ్ల విషయంలో ఊళ్లో పాత ఇళ్లున్న ప్రతివాళ్లూ సగం ఇంజినీర్లే. నీది బ్లాకు గోడ కాబట్టి మాది నీకు పూర్తిగా వర్తించదు, కానీ ఇది చదివే రాతి గోడవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెప్తున్నా. ఆ గోడలు సున్నంతో కట్టినవి. సున్నం మెత్తన, తేమని పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. మేం కొన్నప్పుడు పాతవాళ్లెవరో సందులన్నీ నల్ల సిమెంటుతో నింపి, పైన పెయింటు దట్టించారు. తేమకి దారి లేక లోపలే ఉండిపోయి, చలికాలం గడ్డకట్టి రాళ్ల అంచులు పొరలు పొరలుగా ఊడాయి. మళ్లీ అదంతా చెక్కించి సున్నం మోర్టారుతో సందులు నింపించుకున్నాం. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడానికే ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికీ గోడ వానల్లో కొంచెం చెమరుస్తుంది. చెమర్చనీ అని వదిలేశాం, ఏదీ గోడకి ఆనించి పెట్టం, అంతే.

అసలు నేను రాయడానికి కారణం ఇంకోటి. నీ బేస్‌మెంట్ నేల మీద పాత పలకలు ఉన్నాయా? ఉంటే టేపు పెట్టి కొలువు. తొమ్మిది అంగుళాల చదరాలైతే జాగ్రత్త. ఆ కాలపు తొమ్మిదంగుళాల పలకల్లో, వాటి కింద నల్ల జిగురులో, పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఆస్‌బెస్టాస్ ఉండటం చాలా మామూలు. కదపకుండా ఉంటే పెద్ద ప్రమాదం లేదు. కానీ నీకు కాలువ తీస్తామన్నవాళ్లు నేల అంచుల్ని చుట్టూ పగలగొడతారు కదా. ముందు ఒక ముక్క ల్యాబుకి పంపించు, పెద్ద ఖర్చేం కాదు. కంపెనీవాళ్లు ఆ మాట ఎత్తారా? ఎత్తలేదని నా అనుమానం. మా వదినగారింట్లో అయితే సగం పగలగొట్టాక ఎవరో గుర్తుచేశారు, పని ఆగిపోయి ఇల్లు మూడు వారాలు ప్లాస్టిక్ కవర్లతో కప్పి పెట్టారు.

నాన్నగారికి నమస్కారాలు చెప్పు. గిలాబు మాత్రం వద్దని చెప్పు.

సైట్_ఇంజినీర్_హైదరాబాద్:

నాన్నగారి తరఫున ఒక మాట. ఆయన చెప్పింది మన దగ్గర పనిచేస్తుంది, అందుకే చెప్పారు. మన ఇళ్లలో గోడ తడిసేది ఎక్కువగా పైనుంచి వాన కొట్టి, లేదా బాత్రూం పైపు కారి. అక్కడ నీళ్లు తగిలే ముఖం మీదే గిలాబు వేస్తాం, నీళ్లు దాన్ని గోడకేసి నొక్కుతాయి, ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. బేస్‌మెంట్‌లో లోపలి నుంచి వేస్తే నీళ్లు దాన్ని గోడ నుంచి బయటికి తోస్తాయి. మా పనిలో మొదటిదాన్ని పాజిటివ్ సైడ్, రెండోదాన్ని నెగటివ్ సైడ్ అంటాం. నెగటివ్ సైడ్ వేసేవి ఉన్నాయి, కాంక్రీటు రంధ్రాల్లోకి ఇంకి స్ఫటికాలుగా మారే రసాయనాలు, అవి పోత కాంక్రీటుకి బాగుంటాయి. బోలు బ్లాకుకి వాటితో పెద్ద లాభం లేదు, పట్టుకోవడానికి లోపల కాంక్రీటే లేదు కదా.

ఒత్తిడి ఎంతో లెక్క వేస్తే అర్థమవుతుంది. గోడ బయట రెండు మీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే, అడుగున ప్రతి చదరపు మీటరు మీదా రెండు టన్నుల తోపుడు. దానికి అడ్డంగా రెండు కోట్ల పెయింటు నిలబడాలంటున్నాం.

హైదరాబాద్‌లో మేం సెల్లార్లు తవ్వేది రాతిలో. నీళ్లు రాతి పగుళ్లలోంచి ఊటలా వస్తాయి, అపార్ట్‌మెంట్ అయిపోయి జనం చేరాక కూడా సంపులో మోటారు తిరుగుతూనే ఉంటుంది చాలాచోట్ల. మట్టిని ఆపే గోడ, అంటే రిటైనింగ్ వాల్, బయట పొర వేయాల్సిన టైంలో స్థలం లేదని, ఖర్చని వదిలేసి, తర్వాత లోపల్నుంచి పగుళ్లలోకి సిమెంటు ద్రవం ఎక్కించే గ్రౌటింగ్ అంటూ పదేళ్లు తిరుగుతారు. ఆ పదేళ్ల తిరుగుడు నేనూ తిరిగాను.

ఒక్కటి మాత్రం వెంటనే చూడండి, ఇది మిగతా అన్నిటికంటే ముందు. గోడ సగం ఎత్తులో అడ్డంగా పొడవాటి పగులు ఉందా? ఆరడుగుల నిటారు పట్టీ గోడకి ఆనించి, మధ్యలో గోడ లోపలికి ఉబ్బి ఉందేమో చూడండి. మూలల్లో మెట్లు మెట్లుగా పగిలి ఉన్నా ఫోటో తీసి పెట్టుకోండి. ఉబ్బు ఉంటే అది నీళ్ల సమస్య దాటి గోడ బలం సమస్య అయింది, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ కంపెనీని కాదు, ఏ కంపెనీకీ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరుని డబ్బిచ్చి పిలవాలి. ఉబ్బు తక్కువైతే కార్బన్ ఫైబర్ పట్టీలు అంటిస్తారు, ఎక్కువైతే ఉక్కు దూలాలు నిలబెడతారు. అది తేలకుండా గోడ పాదం దగ్గర నేల పగలగొట్టనివ్వకండి.

పార్సిపెనీ_ప్రసాదం:

అందరూ గట్టర్లూ మట్టీ అంటున్నారు, నేను రెండో వైపు చెప్తా. ఆ సలహా విని నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. గట్టర్లు మార్చాను, గొట్టాలు పన్నెండు అడుగులు పొడిగించాను, రెండు ట్రక్కుల మట్టి పోయించాను. వానకి వచ్చేవి తగ్గాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాన లేకపోయినా నేల అంచుల్లోంచి ఊరడం మాత్రం ఆగలేదు. మా వీధి పల్లంలో ఉంది, భూమిలో నీటి మట్టమే నా నేల దాకా లేస్తుంది. దానికి పైన ఎంత మట్టి పోస్తే ఏం లాభం.

చివరికి లోపల కాలువ తీయించాను. పని దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నా, గోడ చుట్టూ అడుగు వెడల్పున నేల పగలగొట్టారు, కింది వరస బ్లాకులకి ఒక్కో బోలుకి ఒక్కో రంధ్రం వేశారు. మూడో రంధ్రం వేసి డ్రిల్ బయటికి లాగగానే పంపు తిప్పినట్టు మురికి నీళ్లు దూకాయి, పనివాడి బూటు నిండిపోయింది. అంతకుముందు నాలుగు రోజులుగా వాన లేదు! అన్నాళ్లూ ఆ గోడ నిండా నీళ్లు మోస్తూ నిలబడి ఉందన్నమాట. తర్వాత కంకర, చిల్లుల పైపు, మూలలో సంపు, మళ్లీ పైన కాంక్రీటు. ఒక విషయం ఒప్పుకోవాలి, ఇది నీళ్లని ఆపదు. లోపలికి రానిచ్చి మర్యాదగా బయటికి పంపుతుంది.

చేయించుకుంటే మాత్రం పంపు దగ్గర కక్కుర్తి పడకండి. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను వానకి మాకు కరెంటు పోయింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు పడిన రాత్రి అది. మా సంపులో కొత్త అర హార్స్‌పవర్ పంపు ఉంది, బ్యాటరీ బ్యాకప్ మాత్రం లేదు, నాలుగు వందలు మిగుల్చుకుందామని వద్దన్నాను. నేనూ మా అబ్బాయీ బకెట్లతో తెల్లవారేదాకా తోడాం. ఆ వారమే బ్యాటరీ కొన్నాను.

ఇంకా రెండు. సంపు మీద మూత గాలి చొరబడకుండా బిగించమనండి, మన వైపు భూమిలోంచి ఊపిరితిత్తులకి ప్రమాదమైన రేడాన్ వాయువు వస్తుంది, గొయ్యి తెరిచి పెడితే దానికి తలుపు తీసినట్టే. టెస్టు చేయించండి, లీటరు గాలికి 4 పికోక్యూరీలు (దాని కొలత) దాటితే దానికి వేరే ఫ్యాను పెట్టించాలి. పంపు నీళ్లు వదిలే పైపు చలికాలం గడ్డకట్టకుండా బాగా వాలుగా ఉండాలి, దాన్ని డ్రైనేజీ లైనుకి కలపడం చాలా ఊళ్లలో నేరం. కలుపుతానన్నవాణ్ణి పంపించేయండి.

ఒహాయో_పాతకాపు:

ప్రసాదం గారూ, మీతో గొడవేం లేదు, మీది వేరే జబ్బు. తేడా ఎలా తెలుస్తుందో చెప్పేస్తే సరిపోతుంది. వాన మొదలైన గంటా రెండు గంటల్లో కారి, వాన ఆగిన కాసేపటికి తగ్గిపోతే అది పైనీళ్లు, అంటే చూరు, వాలు, కిటికీ గుంట. వాన ఆగిన మర్నాడో ఎల్లుండో మొదలై రోజుల తరబడి ఊరితే, లేదా మంచు కరిగే రోజుల్లో వాన లేకుండానే వస్తే అది భూగర్భ జలం. మొదటిదానికి పార, గొట్టాలు. రెండోదానికి మీరు చేసింది.

గోదారోడు గారూ, మీది ఏది?

ఎడిసన్_గోదారోడు:

గంటన్నర. ఎప్పుడూ అంతే. ఇప్పటిదాకా దాన్ని అలా చూడలేదు.

టెక్సాస్_టెంకాయ:

మధ్యలో దూరుతున్నా, మా దగ్గర బేస్‌మెంట్లే లేవు కాబట్టి కుళ్లుకుంటూ చదువుతున్నాను, ఈ గొడవ చూశాక కుళ్లు తగ్గింది. ఇన్సూరెన్స్ ఇవ్వదా ఇలాంటివాటికి?

పార్సిపెనీ_ప్రసాదం:

భూమిలోంచి ఊరినదానికి మామూలు హోమ్ పాలసీ దాదాపు ఎప్పుడూ ఇవ్వదు. సంపు పొంగితే, డ్రైనేజీ ఎదురు తన్నితే ఇచ్చేలా ఏడాదికి కొంచెం ఎక్కువ కట్టి వేరే రైడర్, అంటే పాలసీకి అదనపు కవరేజీ, తీసుకోవచ్చు. వరదకి మళ్లీ వేరే పాలసీ. ఫోన్ చేస్తే అందరూ తియ్యగా మాట్లాడతారు, కాగితం చదవండి.

ఎడిసన్_గోదారోడు:

ఆరు వారాల తర్వాత వచ్చాను. ఫలితం చెప్పకుండా మాయమయ్యేవాళ్లంటే నాకే చిరాకు, అందుకని.

ముందు గోడ. ఇంజినీరు గారు చెప్పినట్టు పట్టీ పెట్టి చూశాను, ఉబ్బు లేదు, అడ్డ పగులు లేదు. మూలలో మెట్ల పగులు ఒకటి సన్నగా ఉంది, పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి గీత పెట్టాను, ఇప్పటికి కదల్లేదు. ఫాయిల్ పెడితే రెండు వైపులా చెమ్మ పట్టింది. పలకలు తొమ్మిదంగుళాలే పిన్నిగారూ. కంపెనీ ఆయనకి ఫోన్ చేసి అడిగితే "అవి మా పని కిందికి రావు" అన్నాడు. ముక్క ల్యాబుకి పంపాం, ఆస్బెస్టాస్ ఉందనే వచ్చింది. పలకల జోలికి పోలేదు.

తర్వాత అసలు సంగతి. వాన కోసం ఆగకుండా ఒక శనివారం గార్డెన్ పైపు ఆ నాలుగో గొట్టంలో పెట్టి నీళ్లు వదిలాను. నాన్నగారు కింద కుర్చీ వేసుకుని గోడ ముందు కూర్చున్నారు, చేతిలో ఫోను, స్పీకర్ ఆన్. పన్నెండో నిమిషంలో "ఆఁ, నల్లబడుతోందిరా" అన్నారు. ఇరవయ్యో నిమిషానికి "వచ్చాయి, ఎర్రగా వస్తున్నాయి". మా వైపు మట్టి ఎర్రనిది. నేను పైపు ఆపేశాను, పావుగంటకి గోడ ఆగింది. నాలుగేళ్ల నా టెన్షన్‌కి కారణం ఇరవై నిమిషాల్లో తేలిపోయింది.

తవ్వే ముందు చేయాల్సిన 811 నంబరుకి ఫోన్ చేశాను, వాళ్లు ఉచితంగా వచ్చి గ్యాసూ కరెంటూ లైన్లు ఎక్కడున్నాయో రంగు గీతలు గీసి వెళ్లారు. గ్యాసు లైను నేను తవ్వుదామనుకున్న చోటికి మూడడుగుల్లో ఉంది, అది చూసి ఒళ్లు జలదరించింది. తర్వాత నేనూ, పక్కింటి కుర్రాడూ తవ్వాం. భూమిలో ఉన్నది మడతల మడతల నల్ల ప్లాస్టిక్ పైపు. గోడకి నాలుగడుగుల దూరంలో నలిగి చదునైపోయింది, అక్కణ్ణుంచి ముందుకు మేపుల్ చెట్టు వేర్లు జడలా అల్లుకుని పైపు నిండా ఉన్నాయి. లాగితే మూరెడు వేర్ల కట్ట పైపు ఆకారంలోనే బయటికొచ్చింది, దాన్ని నాన్నగారు రెండు రోజులు అరుగు మీద పెట్టి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించారు. మా కప్పు పన్నెండు వందల చదరపు అడుగులు, సగం ఆ ఒక్క గొట్టంలోకే వాలుతుంది. లెక్క వేశాను, అంగుళం వానకి 370 గ్యాలన్లు. అంతా నేరుగా గోడ పక్కన బోరులా దింపుతున్నాం ఇన్నేళ్లూ.

నాలుగంగుళాల గట్టి పీవీసీ పైపు, అడుగుకి పావు అంగుళం వాలు, పద్దెనిమిది అడుగుల అవతల పెరటి పల్లంలో బయటికి. పాత చెక్కపొట్టు ఎత్తేసి బంకమట్టి తెచ్చి గోడ పక్కన వాలు కట్టాం. ఆ వాలు పని నాన్నగారిదే, నన్ను పార ముట్టుకోనివ్వలేదు. మా ఊళ్లో పెంకుటింటికి చూరు కింద నీళ్లు గోడ వైపు రాకుండా ఏటా వానలకి ముందు మట్టి కొట్టేవాళ్లు, అది ఆయన చిన్నప్పటి డ్యూటీ అట. ఇక్కడికొచ్చి గిలాబు ఎందుకు చెప్పారు మరి అంటే, "నువ్వు గోడ గురించి అడిగావు, చూరు గురించి అడగలేదు" అన్నారు. సామాన్లూ, మట్టీ, కుర్రాడికిచ్చినదీ కలిపి 640 డాలర్లు అయింది.

తర్వాత రెండు గట్టి వానలు పడ్డాయి. మొదటిదానికి అరచేయంత చెమ్మ కనిపించింది, నీళ్లు రాలేదు. రెండోదానికి అదీ లేదు. తేమ మీటరు 70 శాతం చూపించేది ఇప్పుడు 55కి దిగింది, డీహ్యూమిడిఫయర్ బక్కెట్టు రోజుకి ఒకసారి కాకుండా మూడు రోజులకి ఒకసారి పారబోస్తున్నాను. పాత పెయింటు నెమ్మదిగా గీకిస్తాను. 1950ల నాటి పెయింట్లో సీసం ఉండొచ్చు కాబట్టి దుమ్ము లేవకుండా తడిపి గీకమన్నారు.

పార్సిపెనీ_ప్రసాదం:

సంతోషం. కానీ ఇప్పుడే పండగ చేసుకోకండి, మార్చి ఏప్రిల్ దాటనివ్వండి. మంచు కరిగి భూమి నిండా తాగినప్పుడు కూడా ఆ మూల పొడిగా ఉంటే అప్పుడు నేనూ ఒప్పుకుంటా.

ఎడిసన్_గోదారోడు:

అందుకే ఆ 14,200 కొటేషన్ చింపలేదు, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. బియ్యం బస్తా కూడా ఇంకా బల్ల మీదే ఉంది, మా ఆవిడ కిందికి దించనివ్వట్లేదు.